ఇంగ్లండ్‌లోని రీడింగ్‌కి కొత్తగా వచ్చాం, కౌన్సెలింగ్‌కి ఎక్కడికి వెళ్లాలి?

రీడింగ్ నుంచి, పేరు లేకుండా:

అందరికీ నమస్కారం. పేరు పెట్టనందుకు ఏమీ అనుకోకండి. ఇక్కడికి వచ్చి నాలుగు నెలలైంది. ఆయన వర్క్ వీసా మీద వచ్చారు, నేను డిపెండెంట్‌ని. పెళ్లయి పదకొండు నెలలైనా ఇప్పటిదాకా మేం భార్యాభర్తల్లా కలవలేకపోయాం. ప్రయత్నించిన ప్రతిసారీ నాకు ఒళ్లంతా బిగుసుకుపోయి భరించలేని నొప్పి. ఆయన ఏమీ అనరు, కానీ ఈమధ్య ఆఫీసు పని ఉందంటూ హాల్లోనే పడుకుంటున్నారు. ప్రతి ఆదివారం అత్తగారు ఫోన్ చేసి "ఏమ్మా, విశేషం ఏమైనా ఉందా?" అంటారు. తెలుగు మాట్లాడే కౌన్సెలర్ ఎవరైనా ఉన్నారా? నా ఇంగ్లీషు అంతంతమాత్రం. దీనివల్ల వీసాకి ఇబ్బంది వస్తుందేమోనని కూడా టెన్షన్.

మిల్టన్ కీన్స్ నుంచి:

మాకు తెలిసిన తెలుగు డాక్టరుగారు ఉన్నారమ్మా, మన బతుకమ్మకి ప్రతి ఏడూ వస్తారు. కావాలంటే నంబరు ఇస్తాను.

స్లౌ నుంచి:

మిల్టన్ కీన్స్ అక్కా, మీ మనసు మంచిదే కానీ నేనైతే వద్దంటాను. ఇవాళ ఇంటి గుట్టు చెప్పుకున్న మనిషి పక్కనే రేపు బతుకమ్మ ఆడాలి. ఆయన ఎవరికీ చెప్పరు సరే, ఈ అమ్మాయికి మాత్రం తలెత్తి చూడటం కష్టమవుతుంది.

చెల్లీ, నాదీ మీ కథే. రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. మీరు రాసింది చదివితే వెజినిస్మస్‌లా ఉంది, అంటే మన ప్రమేయం లేకుండానే అక్కడి కండరాలు బిగుసుకుపోవడం. మీ తప్పు కాదు, ఆయన తప్పూ కాదు. కానీ ఇన్ఫెక్షన్ వల్లా, గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ వల్లా కూడా నొప్పి రావచ్చు. అందుకే కౌన్సెలర్ కంటే ముందు జీపీ, అంటే మీరు పేరు నమోదు చేసుకున్న మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. లేడీ డాక్టర్ కావాలని అడగొచ్చు. రిసెప్షన్‌లో ఎందుకని అడుగుతారు, "పర్సనల్" అంటే చాలు. లేదంటే సర్జరీ (జీపీ క్లినిక్‌ని ఇక్కడ అలాగే అంటారు) వెబ్‌సైట్‌లో ఫారం ఉంటుంది, ఇంట్లో కూర్చుని నింపండి. నోటితో చెప్పలేనిది రాయడం తేలిక.

ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇస్తారు. "తెలుగు, ఆడమనిషి, ఫోన్‌లో" అని మూడూ రాయండి. ఫోన్‌లో అయితే ఆవిడ ఏ ఊళ్లో ఉందో మీకు తెలియదు, మీరెవరో ఆవిడకి తెలియదు. తర్జుమాతో మాటకి రెట్టింపు సమయం పడుతుంది, డబుల్ అపాయింట్‌మెంట్ అడగండి. మీ ఆయన్ని మాత్రం తర్జుమాకి కూర్చోబెట్టకండి. నేను ఆ పని చేశాను. నేను "భయం" అన్నది ఆయన నోట్లో "కొంచెం అసౌకర్యం" అయిపోయింది.

పరీక్ష చేస్తామన్నా "ఇవాళ వద్దు" అనే హక్కు మీకుంది. చేయించుకుంటే పక్కన షాపరోన్‌ని, అంటే తోడుగా నిలబడే మనిషిని, ఉంచమనండి.

అక్కణ్ణుంచి సైకోసెక్సువల్ క్లినిక్‌కి, అంటే ఇలాంటి దాంపత్య సమస్యలు చూసేచోటికి రాస్తారు. అన్ని ఊళ్లలో ఉండవు, ఉన్నచోట నెలల తరబడి వెయిటింగ్. మేం ఆగలేక ప్రైవేటుకి వెళ్లాం, అక్కడే దెబ్బతిన్నాం. ఈ దేశంలో "కౌన్సెలర్", "థెరపిస్ట్" అనే మాటలకి చట్టం రక్షణ లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. మాకు దొరికినావిడ మూడు సెషన్లూ "సర్దుకుపోవాలి" అని చెప్పి డబ్బులు తీసుకుంది. ఆ మాట మా అమ్మ ఊరికే చెప్పేది! కాబట్టి మామూలు కౌన్సెలర్ అయితే బి.ఏ.సి.పి. అనే కౌన్సెలర్ల సంఘం రిజిస్టర్‌లో, ఈ సమస్యకైతే సి.ఓ.ఎస్.ఆర్.టి., అంటే కాలేజ్ ఆఫ్ సెక్సువల్ అండ్ రిలేషన్‌షిప్ థెరపిస్ట్స్ రిజిస్టర్‌లో పేరుందో లేదో చూడండి.

రెండో థెరపిస్ట్ మొదటి రోజే పెట్టిన షరతు విని మా ఆయన నవ్వేశారు. కొన్ని వారాలపాటు కలవడానికి అసలు ప్రయత్నించకూడదట. వారానికి రెండుసార్లు చేయి, వీపు తాకడం, అంతవరకే. సెన్సేట్ ఫోకస్ అంటారు, మాస్టర్స్, జాన్సన్ అనే అమెరికన్లు 1970 నాటికే రాసిన పద్ధతి. ఈ రాత్రి ఏమవుతుందో అన్న భయం పోయాక నాకు నిద్ర పట్టింది. తర్వాత చిన్న సైజు నుంచి మొదలయ్యే ట్రైనర్లు, అంటే లోపల పెట్టుకుని అలవాటు చేసుకునే నునుపైన గొట్టాలు, మన చేతిలో, మన వేగంతో. పెల్విక్ ఫ్లోర్ ఫిజియో, అంటే అక్కడి కండరాలకి వ్యాయామం కూడా చేశాను. మాకు ఎనిమిది నెలలు పట్టింది. థెరపీ గదిలో జరిగేదంతా మాటలే. ఎవరైనా తాకితే, బట్టలు తీయమంటే లేచి వచ్చేయండి.

లీడ్స్ నుంచి:

మగవాడిగా ఒక మాట చెప్తానమ్మా. ఆయన హాల్లో పడుకోవడం కోపం కాకపోవచ్చు. నాకైతే భార్యకి నొప్పి కలిగిస్తున్నానన్న భయం పట్టుకుని, చివరికి నా ఒళ్లే సహకరించడం మానేసింది. ఇక్కడ 2018 నుంచి వయాగ్రా కనెక్ట్ ప్రిస్క్రిప్షన్ లేకుండానే ఫార్మసీలో దొరుకుతుంది కదా అని వెళ్లాను. ఫార్మసిస్ట్ గుండె మందుల గురించి అడిగి, బీపీ, షుగర్ చూపించుకో అన్నాడు. ఊరి నుంచి మాత్రలు తెప్పించుకుని మింగే అన్నలూ, గుండెనొప్పికి నైట్రేట్లనే మందులు వాడేవాళ్లకి అది ప్రాణం మీదికి వస్తుంది. నాకు పనిచేసింది ఎన్.హెచ్.ఎస్. (ఇక్కడి ప్రభుత్వ వైద్యం) వాళ్ల టాకింగ్ థెరపీస్. దిగులు, ఆందోళన ఉంటే జీపీ రాయకపోయినా మనమే నమోదు చేసుకోవచ్చు, ఉచితం. మీ అసలు సమస్యకి అది సరిపోదు, కానీ ఆయనకి ఉపయోగపడొచ్చు.

వీసా ఫారంలో కౌన్సెలింగ్‌కి వెళ్లారా అని ఎక్కడా అడగరు. వీసాతోపాటే మనిషికి ఏటా 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి కట్టాం, వాడుకోండి.

హౌన్‌స్లో నుంచి:

అందరూ ఆయన మంచివాడనే అనుకుంటున్నారు, అయ్యుండొచ్చు. ఎప్పుడైనా బలవంతం ఉంటే మాత్రం ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కి వెళ్లకండి, భయపెట్టే మనిషి పక్కన నిజం చెప్పలేరు. భార్య అయినా బలవంతం ఇక్కడ నేరమే, 1991లోనే కోర్టు తేల్చింది. గృహహింస హెల్ప్‌లైన్ 0808 2000 247, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు.

లెస్టర్ నుంచి:

తెలుగులోనే మాట్లాడాలనిపిస్తే హైదరాబాద్ వాళ్లతో వీడియోలో కూడా చేయొచ్చు. ఆర్.సి.ఐ.లో (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదైన క్లినికల్ సైకాలజిస్ట్ అవునో కాదో అడగండి. లాడ్జిలో రూము తీసుకుని పేపర్లో ప్రకటన ఇచ్చే "స్పెషలిస్టు"ల జోలికి పోవద్దు. మనకంటే నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర గంటలు ముందుంటారు, మధ్యాహ్నం ఆయన ఆఫీసులో ఉన్నప్పుడు మీకు కుదురుతుంది.

రీడింగ్ నుంచి, పేరు లేకుండా:

అందరికీ థాంక్స్. హౌన్‌స్లో అక్కా, బలవంతం ఎప్పుడూ లేదు, అడిగినందుకు సంతోషం. ఆయనకి ఇదంతా చూపించాను. లీడ్స్ అన్నగారు రాసింది రెండుసార్లు చదివి, ఏమీ మాట్లాడకుండా టీ పెట్టుకొచ్చారు. ఫారం నింపాను, గురువారానికి ఇచ్చారు. హిందీ ఇంటర్‌ప్రెటర్ ఉందన్నారు. తెలుగే కావాలని మళ్లీ రాశాను.