కరీబియన్‌లో స్నార్కెలింగ్: బోనైర్‌కి మొదటి స్థానం ఎందుకివ్వాలి?

తీరందారి

కరీబియన్‌లో స్నార్కెలింగ్‌కి, అంటే మాస్క్, ఊపిరి గొట్టంతో నీటి పైన తేలుతూ కిందికి చూడటానికి, ఎక్కడికెళ్ళాలి అని ఎవరడిగినా ముందు వినిపించే పేరు బోనైర్ ద్వీపం. ఆ పేరు తెచ్చిపెట్టింది గాలి ట్యాంకుతో లోతుకి దిగే స్కూబా వాళ్ళు. వాళ్ళ వరకు అది నిజమే. బండి ఆపి, ట్యాంకు తగిలించుకుని, ఒడ్డు నుంచే నడుచుకుంటూ దిగిపోవచ్చు. నీటి పైన తేలుతూ కిందికి చూసేవాళ్ళ సంగతేంటి? పడమటి తీరంలో చాలా చోట్ల ముందంతా ఇసుక, విరిగిన పగడపు ముక్కలు. అసలు రీఫ్ (పగడపు దిబ్బ) వాలు ఎనిమిది, పది మీటర్ల లోతు దగ్గర మొదలవుతుంది. మూడో అంతస్తు బాల్కనీ నుంచి కింద సంతని చూసినట్టుంటుంది. రంగులూ తెలియవు. ఎరుపు ఐదారు మీటర్లకే నీటిలో ఇంకిపోతుంది, పైగా వెలుగు కిందికి వెళ్ళి మళ్ళీ మన కంటి దాకా రావాలి.

నా కొలత ఒక్కటే: ఒకటి నుంచి నాలుగు మీటర్ల లోతులో ప్రాణమున్న రీఫ్, దాని మీద చేపలు. ఆ కొలతకి మధ్య అమెరికా దేశం బెలీజ్ ముందుంటుంది. కాదనేవాళ్ళు చోటు పేరుతో సహా చెప్పండి. "నీళ్ళు అద్దంలా ఉంటాయి" అనేది జవాబు కాదు.

ఉప్పుగాలి

పేర్లతోనే చెప్తాను. ఒకటి, క్లైన్ బోనైర్. బోనైర్ ముఖ్య పట్టణం క్రాలెండైక్ ఎదురుగా, కిలోమీటరు లోపు దూరంలో ఉన్న చిన్న ద్వీపం, మనుషులుండరు. వాటర్ టాక్సీ నో నేమ్ బీచ్‌లో దింపుతుంది. అక్కడ రీఫ్ అంచు ఒడ్డుకి దగ్గరగా, చాలా తక్కువ లోతులోనే మొదలవుతుంది. ప్రవాహానికి ఎగువన దిగి అంచు వెంబడి తేలుతూ వస్తే కాళ్ళు ఆడించే పని కూడా పెద్దగా ఉండదు. తాగునీళ్ళు మనమే మోసుకెళ్ళాలి, అక్కడ దుకాణం లేదు.

రెండు, సాల్ట్ పియర్. ఉప్పు ఓడలకెత్తే వంతెన స్తంభాలు అడుగు నుంచి నీటి పైదాకా ఉంటాయి. స్పంజులు, నారింజ రంగు కప్ పగడాలు వాటిని చుట్టుకుని పైకొస్తాయి కాబట్టి లోతు గొడవే లేదు. ఓడ లంగరేసి ఉంటే దిగనివ్వరు, దారిలో వెళ్తూ ముందే చూసుకోండి.

మూడు, వెయ్యి మెట్లు. పేరు చూసి భయపడకండి, లెక్కపెడితే వందలోపే. గేర్ మోసుకుని తిరిగి ఎక్కేటప్పుడు ఆ పేరెందుకొచ్చిందో అర్థమవుతుంది.

చాలామందికి బోనైర్ నచ్చకపోవడానికి కారణం రీఫ్ కాదు, పాదాలు. ఒడ్డంతా పదునైన రాయి, దొర్లే పగడపు ముక్కలు. ఉత్త కాళ్ళకి తొడిగే ఫుల్ ఫుట్ ఫిన్స్ (ఈత రెక్కలు) తెచ్చుకుంటే నీటిదాకా చెప్పుల్లేని నడకే. గట్టి అడుగున్న బూటీలు, వాటి మీద వెనక పట్టీ ఉన్న ఓపెన్ హీల్ ఫిన్స్ తీసుకోండి. నడుం లోతు వరకు నడిచి, అక్కడ తేలుతూ ఫిన్స్ తొడుక్కోవాలి. ఒడ్డునే తొడుక్కుని నడిస్తే బోర్లా పడటం ఖాయం. చేతి తొడుగులు నిషేధం. చేతులు కాపాడుకోవాలంటే దేన్నీ పట్టుకోకుండా ఉండటమే దారి.

ద్వీపం చుట్టూ అరవై మీటర్ల లోతు వరకు 1979 నుంచి మెరైన్ పార్క్. ప్రకృతి రుసుము తలకి 40 డాలర్లు, ఆ క్యాలెండర్ సంవత్సరమంతా చెల్లుతుంది. ఆన్‌లైన్‌లో ముందే కట్టేయండి. అద్దె బండి సంగతి ఒకటి: విలువైనదేదీ లోపల వదలకండి, తలుపులకి తాళం వేయకండి. తాళం వేస్తే అద్దం పగలగొట్టి చూస్తారు.

బందరుబోటు

ఉప్పుగాలి గారూ, వంతెన స్తంభాలు చూపించి రీఫ్ అంటే ఎలాగండీ?

బెలీజ్ లెక్క వేరు. రీఫ్ శిఖరం అలల్ని బయటే ఆపేస్తుంది, లోపల రెండు నుంచి ఐదు మీటర్ల లోతున్న నిశ్చలమైన మడుగు. అక్కడి ఆంబర్‌గ్రిస్ కాయే ద్వీపానికి దక్షిణాన హోల్ చాన్ సముద్ర రిజర్వ్ ఉంది. 1987 నుంచి అక్కడ వేట లేదు, ఆ తేడా మొదటి ఐదు నిమిషాల్లోనే తెలుస్తుంది. బయట మనిషి నీడ పడితే పారిపోయే గ్రూపర్, స్నాపర్ చేపలు ఇక్కడ పక్కనే నిలబడి చూస్తాయి. రీఫ్‌ని చీల్చుకుపోయే కాలువ మధ్యలో తొమ్మిది మీటర్ల లోతు, అంచులు మాత్రం లోతు తక్కువ. స్నార్కెలర్ ఆ అంచు వెంబడే ఉండాలి. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, నీళ్ళు ఆ కాలువ గుండా బయటి సముద్రంలోకి లాగుతాయి, ఫిన్స్ ఉన్నా ఎదురీదడం కష్టం. గైడ్ లేకుండా దిగనివ్వకపోవడానికి అది చాలు.

బోటు ఎన్ని గంటలకి బయల్దేరుతుందో అడిగి బుక్ చేయండి. పొద్దున్నే వెళ్ళే మొదటి బోటు మేలు. పొద్దెక్కాక ఒకే కాలువలో అన్ని బోట్ల జనం చేరి, ఫిన్స్‌తో ఇసుక లేపి నీళ్ళు మసక చేసేస్తారు. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు ఉత్తరపు చలిగాలులు దిగితే రెండు మూడు రోజులు బోట్లు ఆగిపోవచ్చు. మూడు రోజులకే వెళ్ళేవాళ్ళు బోటు రోజుని మొదట్లోనే పెట్టుకోండి, చివరికి నెట్టకండి.

మానేరు_పిల్లగాడు

అన్నా, మీరందరు ఈత మంచిగ వచ్చినోళ్ళ లెక్కన మాట్లాడుతున్నరు. మన దిక్కుకెళ్ళి పోయేటోళ్ళల్ల సగం మందికి ఈత రాదు, వచ్చినా స్విమ్మింగ్ పూల్ ఈతనే. అసొంటోళ్ళకు గ్రాండ్ కేమన్ ద్వీపంల స్టింగ్‌రే సిటీ ఇసుక తిన్నె ఉంది గద. నడుం లోతు నీళ్ళు, కాళ్ళు భూమి మీదనే. టేకు చేపలు దగ్గరకొచ్చి తిరుగుతయి. దాన్ని లిస్టుల ఎందుకు పెట్టరు?

పగడాలపిచ్చి

ఎందుకంటే అది స్నార్కెలింగ్ కాదు తమ్ముడూ, మేత వేసి పిలిచిన జీవుల్ని చూడటం. నార్త్ సౌండ్‌లో జాలర్లు చేపలు శుభ్రం చేసి వ్యర్థాలు నీళ్ళలో పారేసేవాళ్ళు, వాటికి అలవాటు పడి చేరిన టేకులవి. మామూలుగా రాత్రిపూట ఒంటరిగా తిరిగే జాతి అక్కడ పగలు గుంపుగా తిరుగుతోంది. వెళ్ళొద్దని అనను. వెళ్తే పాదాలు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడవండి. ముల్లు దిగేది ఎక్కువగా వీపు మీద కాలేస్తేనే. దిగితే చర్మం ఓర్చుకునేంత వేడినీళ్ళలో, అంటే సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి తగ్గుతుంది. ముక్క లోపల విరిగి ఉండొచ్చు కాబట్టి డాక్టర్‌కి చూపించాల్సిందే. ఛాతీలో, పొట్టలో దిగితే మాత్రం లాగేయకూడదు, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక అసలు చర్చకి. "ప్రాణమున్న రీఫ్" అని తీరందారి గారు పెట్టిన షరతు సరైనదే, కానీ దానికి ఏ ద్వీపమూ పూర్తిగా నిలబడదు. లోతు తక్కువ చోట్ల కరీబియన్‌లో ఒకప్పుడు గోడలు కట్టినవి ఎల్క్‌హార్న్, స్టాగ్‌హార్న్ పగడాలు. దుప్పి కొమ్ముల్లా పరుచుకునేవి. 1970ల చివర నుంచి వైట్ బ్యాండ్ జబ్బు వాటిని తినేసింది. 1983, 84లో నల్ల ముళ్ళ అర్చిన్లు అనే సముద్ర జీవులు మూకుమ్మడిగా చనిపోయాయి. నాచుని మేసేవి అవే, దాంతో పగడాల మీద నాచు కమ్మింది. 2022లో అర్చిన్ల మీద అదే దెబ్బ మళ్ళీ పడింది. 2014లో మయామి దగ్గర కనిపించిన రాతి పగడాల కణజాల జబ్బు 2019లో యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌లోని సెయింట్ థామస్‌కి, 2020లో గ్రాండ్ కేమన్‌కి, 2023లో బోనైర్‌కి చేరింది. అది మెదడు పగడం, స్తంభపు పగడం లాంటి వాటిని పట్టి వారాల్లో తెల్ల ఎముకల్లా మారుస్తుంది. అదే 2023 ఎండాకాలంలో నీళ్ళు కాగిపోయి మరో దెబ్బ.

కాబట్టి పాత ఫోటోలు చూసి టికెట్ కొనకండి. నేను చూసేది చేపలు, మేత. బెలీజ్ 2009లో, బోనైర్ 2010లో నాచుని మేసే చిలక చేపల వేట నిషేధించాయి. ఆ రెండు చోట్లా అవి పగడాన్ని గీకే చప్పుడు నీళ్ళలో చెవులకి వినిపిస్తుంది. కాసేపు ఆడకుండా తేలండి, కరకర మంటుంది. ఈ లెక్కన మీరిద్దరూ పోట్లాడుకుంటున్న చోట్లు రెండూ ముందు వరసలోనివే.

ఒక ద్వీపం నుంచి ఇంకో ద్వీపానికి వెళ్ళేవాళ్ళు ఆ పగడాల జబ్బుని మోసుకెళ్ళకుండా గేర్‌ని క్రిమిసంహారకంలో నానబెట్టి, మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. తడి బూటీని సంచిలో కుక్కి తీసుకెళ్ళడం అన్నిటికన్నా చెడ్డ పని.

విమానంకిటికీ

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇంకో కోణం. యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌కి వెళ్తే ఇమ్మిగ్రేషన్ లెక్కలో అమెరికా దాటినట్టు కాదు, కాబట్టి హెచ్1బీ వీసా స్టాంపు గడువు అయిపోయిందన్న బెంగ లేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం విమానాశ్రయంలో తనిఖీ ఉంటుంది. పాస్‌పోర్ట్, ఐ-797 (వీసా ఆమోద పత్రం), ఐ-94 (ప్రవేశ రికార్డు) కాపీ చేతి సంచిలో పెట్టుకోండి. బోనైర్, బెలీజ్, కేమన్ అలా కాదు. అవి అమెరికా బయటివి, తిరిగి రావడానికి చెల్లే స్టాంపు కావాలి.

ఆ వర్జిన్ ఐలాండ్స్‌లో ఒకటైన సెయింట్ జాన్‌లో మూడు చోట్లు. ట్రంక్ బే నీటి అడుగు బాట, పలకలతో సహా, నేర్చుకునేవాళ్ళకి మంచిది. రీఫ్ మాత్రం బాగా అరిగిపోయింది. మాహో బేలో సముద్రపు గడ్డి మేసే పచ్చ తాబేళ్ళు, ఉదయం తొందరగా వెళ్తే జనం లేకుండా. మూడోది వాటర్‌లెమన్ కే, అన్నిట్లో మేలైనది. అన్నాబెర్గ్ పార్కింగ్ నుంచి కిలోమీటరు పైనే నడవాలి, తర్వాత చిన్న దీవి దాకా ఈదాలి. దాని బయటి వైపు ప్రవాహం గట్టిగా ఉంటుంది. లోపలి వైపే తిరిగి రావడం క్షేమం. శీతాకాలంలో ఉత్తరపు అలలు ఈ తీరాన్ని కొడతాయి, ఆ రోజు దక్షిణాన సాల్ట్ పాండ్ బేకి మార్చుకోండి.

ఆక్సిబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్ 2020 నుంచి అక్కడ చట్టవిరుద్ధం. జింక్ ఆక్సైడ్ రకం కొనండి. అసలు పొడుగు చేతుల రాష్‌గార్డ్ (ఈత చొక్కా) వేసుకుంటే రాసుకోవాల్సింది మెడ, పిక్కలు మాత్రమే. ముందు కాలిపోయేది అవే.

తీరందారి

చూశారా, ఉప్పుగాలి గారు చెప్పిన మూడింట్లో ఒకటి బోటు ఎక్కితేనే దొరికేది. "బోనైర్ అంటే ఒడ్డు నుంచే స్వేచ్ఛ" అని అందరూ చెప్పే మాట అక్కడే సగానికి పడిపోయింది.

ఉప్పుగాలి

స్వేచ్ఛ అంటే రోజుకి నాలుగుసార్లు, ఎవరినీ అడగకుండా, మీకు నచ్చిన గంటకి దిగగలగడం. సాయంత్రం ఐదింటికి హోల్ చాన్‌కి నన్ను ఎవరు తీసుకెళ్తారు? తూర్పు గాలి లేపే అలలు పడమటి ఒడ్డుని తాకవు కాబట్టి దాదాపు ఏ నెలైనా నీళ్ళు ప్రశాంతమే. తుఫాన్ల దారికి దక్షిణాన ఉంది. సెప్టెంబర్, అక్టోబర్‌లో ఎప్పుడైనా గాలి తిరగబడితే మాత్రం ఆ రోజు దిగొద్దు.

లోతు గొడవకి మందు డక్ డైవ్. నడుం దగ్గర వంగి, కాళ్ళు నిటారుగా పైకెత్తితే వాటి బరువే కిందికి తోస్తుంది. ఫిన్స్ మునిగాకే కొట్టాలి. తల మునగగానే ముక్కు మూసి చెవులు సర్దుకోండి, నొప్పి వచ్చేదాకా ఆగితే ఆ దిగుడు చెడినట్టే. ముందు గబగబా ఊపిరులు తీసి నిల్వ చేసుకుందామనుకోవద్దు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, ఊపిరి కావాలన్న హెచ్చరిక రాకుండానే స్పృహ పోతుంది. జంటగా వెళ్ళండి, ఒకరు దిగితే ఒకరు పైన. నాలుగు మీటర్లు దిగగలిగితే బోనైర్ వేరే ద్వీపం.

బందరుబోటు

దిగలేనివాళ్ళకి?

ఉప్పుగాలి

దిగలేనివాళ్ళకి మీ బెలీజే. అందులో నాకు గొడవ లేదు.

మానేరు_పిల్లగాడు

ఒక్క డౌటు. మీసం ఉన్నోళ్ళకు మాస్క్‌లకు నీళ్ళొస్తయి, అద్దాల పవరున్నోళ్ళకు ఏం కనవడది. ఫుల్ ఫేస్ మాస్క్ పెడితే రెండు తిప్పలు పోతయంటున్నరు, నిజమేనా?

పగడాలపిచ్చి

పోవు. ఫుల్ ఫేస్‌లో ముక్కు పట్టుకుని చెవులు సర్దుకోవడం కుదరదు కాబట్టి డక్ డైవ్ లేదు. నీళ్ళొస్తే నోట్లోంచి ఉమ్మేసినట్టు స్నార్కెల్ వదిలేయలేరు, మొత్తం ఊడదీయాలి. వాల్వులు సరిగ్గా లేని చవక రకాల్లో వదిలిన గాలే మళ్ళీ పీలుస్తారు.

మీసానికి: ముక్కు కింద సిలికాన్ అంచు ఆనే చోట రెండు మిల్లీమీటర్ల పట్టీ గీసేస్తే చాలు, మీసం మొత్తం తీయనక్కర్లేదు. అదీ ఇష్టం లేకపోతే అక్కడ సిలికాన్ గ్రీజు రాయండి, పెట్రోలియం జెల్లీ కాదు, అది అంచుని పాడుచేస్తుంది. కొనేటప్పుడు పట్టీ లేకుండా మాస్క్ ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చి చూడండి, నిలబడితే మీ సైజు. పట్టీ బిగించేకొద్దీ లీకు పెరుగుతుంది, తగ్గదు. చాలామంది చేసే తప్పు అదే.

పవర్‌కి: రెండు అద్దాల మాస్క్ కొంటే అర పాయింటు తేడాలతో రెడీమేడ్ మైనస్ లెన్సులు దొరుకుతాయి, ఎడమ కుడి విడివిడిగా. కొద్దిపాటి సిలిండర్ పవర్ (కంటి వంపు తేడాకి ఇచ్చేది) వదిలేసినా సరిపోతుంది. కాంటాక్ట్ లెన్సులతో దిగకండి, నీళ్ళలోని సూక్ష్మజీవులు లెన్సు కింద చేరితే కన్నుకే ప్రమాదం.

కొత్త మాస్క్ అద్దానికి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సిలికాన్ పొర ఉంటుంది. లోపలి వైపు తెల్ల టూత్‌పేస్ట్‌తో రెండు మూడుసార్లు రుద్ది కడగకపోతే ఎంత స్ప్రే కొట్టినా ఆవిరి పడుతుంది. అద్దం లోపలి వైపు ప్రత్యేక కోటింగ్ ఉన్న మాస్క్‌కి మాత్రం ఇది చేయకండి. ఆ తర్వాత ప్రతిసారీ పలచని బేబీ షాంపూ చుక్క, వేలితో పూసి ఒక్కసారి ముంచి తీయడం. ఇదంతా ఇంటి దగ్గరే బకెట్‌లో ముఖం ముంచి సరిచూసుకోండి.