పసుపు గుర్తు బండి అంటే భయం, గ్యాస్ ట్యాంకర్ అంటే లేదు. ఎందుకని?

ఈసీఐఎల్_శ్రీను:
మొన్న ఔటర్ రింగ్ రోడ్డు మీద మా ముందు ఒక వ్యాన్ వెళ్తోంది. వెనక తలుపు మీద పసుపు రంగులో నల్ల మూడు రేకుల రేడియేషన్ గుర్తు. అమ్మ వెంటనే "అద్దాలెక్కించు, తొందరగా దాటెయ్" అంది. స్పీడు పెంచి దాటేశాను. ఆ తర్వాత పావుగంట ఒక ఎల్పీజీ ట్యాంకర్ వెనకే అంటుకుని వెళ్లాం, ఎవరికీ టెన్షన్ లేదు. 2024 డిసెంబరులో జైపూర్-అజ్మీర్ హైవే మీద అలాంటి ట్యాంకరే లారీ గుద్దుకుని అంటుకుంది, చుట్టూ ఉన్న బండ్లన్నీ కాలిపోయాయి. ఆలోచిస్తే ఆ రోజు మాకు అసలు ప్రమాదం నా ఓవర్‌టేకే. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. మనం భయపడాల్సింది దేనికి?

కడప_రమణ:
భయాన్ని చావుల లెక్కతో కొలవలేం అన్నా. గ్యాస్ లీకైతే వాసన వస్తుంది, పరిగెత్తుతాం. రేడియేషన్ ఒంట్లోకి దిగినా తెలియదు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు కొట్టులో పాత యంత్రంతో వచ్చిన కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఒకరి ప్రాణం తీసింది. దాన్ని విప్పినవాళ్లకు అదేమిటో ఎవరూ చెప్పలేదు.

ల్యాబ్_లక్ష్మి:
నేను న్యూక్లియర్ మెడిసిన్‌లో, అంటే రేడియేషన్ ఉన్న మందులతో వైద్యం చేసే విభాగంలో పనిచేస్తాను. ఇలాంటి వ్యాన్లలో తరచూ వచ్చేది మా పేషెంట్ల మందే. థైరాయిడ్ క్యాన్సర్‌కి ఇచ్చే అయోడిన్-131 చిన్న సీసాలో ఉంటుంది. దాని చుట్టూ చేతికి బరువుగా తగిలే సీసం డబ్బా, పైన ఇంకో పెట్టె. మామూలు రవాణాలో బండి పక్కనుంచి 2 మీటర్ల దూరంలో రేడియేషన్ గంటకు 100 మైక్రోసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే ప్రమాణం) దాటకూడదు. అది గరిష్ఠ పరిమితి. దూరం పెరిగేకొద్దీ బాగా పడిపోతుంది, పైగా మీరు పక్కన ఉండేది కొన్ని సెకన్లే. అమెరికా వెళ్లే విమానంలో పైకెక్కాక అంతరిక్షం నుంచి వచ్చే రేడియేషన్ గంటకు కొన్ని మైక్రోసీవర్ట్‌లు తగులుతుంది, అలా పదిహేను గంటలు కూర్చుంటాం. రమణగారూ, మాయాపురిది రవాణా ప్రమాదం కాదండీ. ఒక విశ్వవిద్యాలయం పాత యంత్రాన్ని లోపలేముందో చూసుకోకుండా వేలంలో అమ్మేసింది.

కడప_రమణ:
నేనంటున్నదీ అదే అక్కా. సీసం డబ్బా మీద నాకు అనుమానం లేదు, చూసుకోవాల్సినవాళ్లు చూసుకుంటారన్న నమ్మకమే లేదు.

ఈసీఐఎల్_శ్రీను:
అది ఒప్పుకుంటాను. లక్ష్మిగారు రాసింది అమ్మకి చదివి వినిపించాను. "మందు బండి అని తెలుగులో రాసుంటే నేనెందుకు కంగారుపడతాను?" అంది. నా దగ్గర జవాబు లేదు.