పాత డింకీ రేసు కారు దొరికింది, రంగు వేయవచ్చా?

కొవెంట్రీ నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. నాది విజయనగరం. ఇంగ్లండ్‌లోని ఈ ఊరికి వచ్చి నాలుగు నెలలయింది. ఇంజన్ బేరింగులు తయారుచేసే చోట ఉద్యోగం. పని రోజులు ఎలాగో గడుస్తున్నాయి, ఆదివారం మాత్రం పొద్దు పోవడం లేదు. మొన్న ఒక కార్ బూట్ సేల్‌లో, అంటే కార్ల డిక్కీల్లో పాత సామాను పెట్టి అమ్మే సంతలో, ఎనిమిది పౌండ్లిచ్చి సంచిలో పోసి ఉన్న మూడు బొమ్మ రేసు కార్లు కొన్నాను. ఒకటి ఆకుపచ్చది. అడుగున డింకీ టాయ్స్, వాన్‌వాల్, మెకానో అని ఉంది. నిండా మురికి, టైర్లు పగిలిపోయాయి. రెండోది మ్యాచ్‌బాక్స్ వాళ్ల చిన్న మజరాటి. దానికి ఎవరో కిటికీలకు వేసే రంగు పూసినట్టున్నారు. మూడోది పేరు తెలియడం లేదు, ఒళ్లంతా సన్నని నెరియలు. మూడింటినీ కొత్తవాటిలా చేయాలని ఉంది. మరో ముగ్గురితో కలిసి అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు చెప్పగలరు.

లివర్‌పూల్ నుంచి జవాబు

తమ్ముడూ, నాకు అరవై దాటాయి, అందుకని చనువుగా నువ్వు అంటున్నాను. ముందు ఆ ఆకుపచ్చ బండిని కింద పెట్టు. దాని మీద ఉప్పుకాగితం గాని, రంగు ఒలిచే మందు గాని పెట్టవద్దు. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు, మెత్తని టూత్ బ్రష్షు చాలు. అరవై ఏళ్ల మురికి కింద రంగు ఎంత మిగిలిందో చూసుకో. సగానికి పైగా నిలిచి ఉంటే అది మరమ్మతు చేయాల్సిన బండి కాదు, కాపాడుకోవాల్సిన బండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. పదిహేనేళ్ల కిందట నాకు డింకీ వాళ్ల టాల్బోట్-లాగో అనే ఫ్రెంచి రేసు కారు బొమ్మ ఒకటి దొరికింది. నీలం రంగు, ముక్కు దగ్గరా చక్రాల పక్కనా పెచ్చులు లేచాయి, మిగతా అంతా చక్కగా ఉంది. ఉత్సాహం కొద్దీ మొత్తం ఒలిచి, మూడు వారాలు కష్టపడి అద్దంలా మెరిసేలా రంగు వేశాను. దాన్ని ఒక బొమ్మల సంతకు తీసుకువెళ్లి అక్కడి పెద్దాయన చేతిలో పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "పని శుభ్రంగా ఉంది, కానీ ఆ నీలం ఇక లేదు" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. రంగు ఎప్పుడైనా వేయవచ్చు. కర్మాగారంలో వేసిన రంగును ఒలిచాక మళ్లీ తేలేము.

నీ చేతికి ఏమి వచ్చిందో కూడా తెలుసుకో. డింకీ బొమ్మలు ఈ ఊళ్లోనే, బిన్స్ రోడ్డులోని మెకానో కర్మాగారంలో తయారయ్యేవి. 1934 నుంచి ఆ పేరుతో అమ్మారు. 1979లో కర్మాగారం మూతపడింది. ఇక వాన్‌వాల్ అసలు కారు సంగతి నీలాంటి వాడికి మరీ నచ్చుతుంది. దాన్ని తయారుచేయించిన టోనీ వాండర్‌వెల్‌ది బేరింగుల వ్యాపారం. ఆయన బేరింగుల పేరు థిన్‌వాల్. తన ఇంటిపేరునూ ఆ పేరునూ కలిపి కారుకు వాన్‌వాల్ అని పెట్టుకున్నాడు. 1957లో ఈ లివర్‌పూల్ పక్కనే ఉన్న ఎయిన్‌ట్రీలో బ్రిటిష్ గ్రాండ్ ప్రి జరిగింది. టోనీ బ్రూక్స్ నడుపుతున్న వాన్‌వాల్‌ను పందెం మధ్యలో అతని జట్టువాడు స్టర్లింగ్ మాస్ తన చేతికి తీసుకుని, నడిపి గెలిచాడు. ప్రపంచ చాంపియన్‌షిప్ గ్రాండ్ ప్రిలో బ్రిటిష్ కారు గెలవడం అదే మొదలు. మరుసటి ఏడు తయారీదారుల చాంపియన్‌షిప్ పెట్టినప్పుడు మొట్టమొదట గెలిచిందీ వాన్‌వాలే. ఆ రోజుల్లో దేశానికొక రంగు ఉండేది: బ్రిటన్‌కు ఆకుపచ్చ, ఇటలీకి ఎరుపు, ఫ్రాన్స్‌కు నీలం, జర్మనీకి వెండి రంగు. బొమ్మలకూ అవే వేసేవారు. అందుకే ఈ బండ్ల విషయంలో నచ్చిన రంగు వేసుకుంటాననడం నాకు సమ్మతం కాదు.

నెరియలున్న మూడోదాన్ని బాగుచేసే దారి లేదు, ఆశ పెట్టుకోవద్దు. దాన్ని జింక్ పెస్ట్ అంటారు. ఈ బొమ్మలు పోసేది జింకు, కాస్త అల్యూమినియం కలిసిన లోహంతో. అందులో పొరపాటున కొద్దిగా సీసం చేరినా ఏళ్లు గడిచే కొద్దీ లోలోపలే పాడై, ఉబ్బి, చివరికి బిస్కెట్టులా విరిగిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసిన వాటిలో ఇది ఎక్కువ. పక్క బండికి అంటుకునే జబ్బు కాదు, భయం లేదు. పొడి చోట, ఎండ తగలకుండా పెట్టుకుని చూసుకో.

కాబట్టి చేయి తిరగడానికి నీకు మిగిలింది మజరాటి. దాని రంగు ఎలాగూ ఎవరో చెడగొట్టారు. మొదట నాలుగు వైపుల నుంచీ, అడుగు నుంచీ ఫొటోలు తీసుకో. బండిని విప్పాలంటే అడుగుభాగాన్ని పట్టుకుని ఉన్న రివెట్టు తల తీసేయాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. డ్రిల్లు జోరుగా పెడితే రివెట్టు కాడ కూడా పోతుంది, తర్వాత బిగించడానికి ఆధారం ఉండదు. కాడకంటే కొంచెం లావున్న డ్రిల్లు ముల్లు తీసుకుని, చేత్తోనే మెల్లగా తిప్పుతూ, పరుచుకున్న అంచు మాత్రమే రాలేలా చూడు. ఆకురాయితో అరగదీసినా సరే. మళ్లీ బిగించేటప్పుడు కాడ మధ్యలో సన్నటి రంధ్రం చేసి చిన్న మరమేకు బిగించవచ్చు.

రంగు ఒలవడానికి బజారులో దొరికే జెల్ మందు వాడు. మూత ఉన్న పాత జామ్ సీసాలో వేసి ఉంచి, టూత్ బ్రష్షుతో రుద్ది కడుగు. కాస్టిక్ సోడా మంచిదని ఎవరైనా చెబుతారు, వినవద్దు. అది జింకునే తినేస్తుంది. ఒలిచే ముందు లోపలి వైపు ఒకసారి చూడు. పై నుంచి ఎంత రంగు పూసినా, వెలుతురు తగలని ఆ చోట అసలు రంగు నిలిచి ఉంటుంది. ఏ ఛాయ కొనాలో నీకు చెప్పేది ఆ మూలే, కంప్యూటర్ తెర కాదు.

లోహం ఆరాక ఎచ్ ప్రైమర్, అంటే లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే మొదటి పూత, తప్పదు. నున్నటి జింకు మీద మామూలు రంగు పట్టదు, గోరు తగిలితే పొరలా లేస్తుంది. స్ప్రే డబ్బాను పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచు, మరిగే నీళ్లలో మాత్రం ఎప్పుడూ పెట్టవద్దు. పలచగా మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఓపిక. ఇక్కడి తేమకు ఒక్కోసారి రంగు మీద తెల్లటి మసక పడుతుంది, వాన రోజున స్ప్రే పట్టుకోవద్దు. ఎనామిల్ మీద సెల్యులోజ్ రంగు వేస్తే కింది పూత ముడతలు పడుతుంది, రెండూ కలపకు. డ్రైవరు బొమ్మకు సన్నటి కుంచె చాలు.

పని పూర్తయ్యాక అడుగుభాగం లోపల తేదీ, మరమ్మతు చేసినది అన్న మాట గీసిపెట్టు. రేపు అమ్మినా, ఎవరికైనా ఇచ్చినా ఆ సంగతి చెప్పి ఇవ్వు.

రెడింగ్ నుంచి మరొకరు

అన్నయ్యగారు పని బాగా వివరించారు. ఇంట్లో చిన్నపిల్లలున్నదాన్ని కాబట్టి నేనొకటి చేరుస్తాను. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండవచ్చు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా చేరుతుంది. ఉప్పుకాగితం వాడితే నీళ్లలో తడిపే వాడండి, చేతికి తొడుగులు వేసుకోండి, వంటగదిలో, తినే బల్ల మీద ఈ పని వద్దు. ఒలిచిన రంగును సింకులో పారబోయకుండా డబ్బాలో పెట్టి కౌన్సిల్ వాళ్ల చెత్త సేకరణ కేంద్రానికి ఇవ్వండి. అద్దె ఇంట్లో స్ప్రే అసలు వద్దు. తివాచీ మీద ఒక్క చుక్క పడినా డిపాజిట్ చేతికి రాదు.

మావారు వారానికోసారి దగ్గర్లోని మెన్స్ షెడ్‌కు వెళ్తారు. ఊరి పెద్దవాళ్లు కలిసి నడుపుకునే పనిచోటు అది. బెంచీ వైసు, డ్రిల్లు, స్ప్రే చేసుకునే స్థలం ఉంటాయి. మీ కొవెంట్రీ కార్ల కర్మాగారాల ఊరు, అలాంటి చోట పనితనం తెలిసిన చేతులు తప్పక దొరుకుతాయి. నిజానికి మీ ఆదివారాల దిగులుకు కార్లకంటే ఆ మనుషులే ఎక్కువ మందవుతారని నా నమ్మకం. మావారికి అలాగే అయింది. ఇంకో మాట, సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు స్ప్రే డబ్బాలు పెట్టెలో సర్దకండి, విమానంలో ఒప్పుకోరు.

మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతాం. కింది మెట్టు మీద కొండపల్లి అంబారీ ఏనుగు పక్కన మావారి మజరాటి కూర్చుంటుంది. వచ్చిన పేరంటాళ్లు దాని గురించే ముందు అడుగుతారు.

కొవెంట్రీ నుంచి మళ్లీ

అన్నయ్యగారికీ అక్కగారికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి వాన్‌వాల్‌ను సబ్బు నీళ్లతో కడిగాను. నీళ్లు కాఫీ రంగుకు తిరిగాయి. కింద ఆకుపచ్చ దాదాపు అంతా ఉంది! ముక్కు మీద, వెనక కొసన మాత్రం లోహం కనిపిస్తోంది. దాన్ని ముట్టుకోను. ఇక్కడ షెడ్ ఒకటుందని తెలిసింది, బుధవారం రమ్మన్నారు. ఒక సందేహం: టైర్లు మార్చినా అసలుదనం పోయినట్టేనా?

లివర్‌పూల్ నుంచి

పోదు తమ్ముడూ. రబ్బరు ఎండి పగలడం సహజం, ఎవరూ తప్పు పట్టరు. పగిలిన వాటిని పారేయకుండా చిన్న కవరులో వేసి బండితో పాటే దాచు. చక్రం మీద టైరు కూర్చునే గాడిని మిల్లీమీటర్లలో కొలిచి రాయి, పాత టైరును నమ్మవద్దు, అది కుంచించుకుపోయి ఉంటుంది. కొత్తవి బర్మింగ్‌హామ్‌లో ఎన్ఈసీ అనే పెద్ద ప్రదర్శనశాలలో జరిగే బొమ్మల సంతలో చిన్న పొట్లాలుగా అమ్ముతారు, నీకు దగ్గర. పట్టుకారుతో లాగి ఎక్కించకు. వేడినీళ్లలో రెండు నిమిషాలు వేస్తే మెత్తబడి వేళ్లతోనే ఎక్కుతాయి.

ఇంటికి ఫోను చేసినప్పుడు అటక మీద పాత బొమ్మ కార్లేమైనా ఉన్నాయేమో అడుగు. డింకీ తన పాత అచ్చులు కొన్నింటిని కలకత్తాకు అమ్మింది, అక్కడ నిక్కీ టాయ్స్ పేరుతో అవే బండ్లు పోశారు. అలాంటిది దొరికితే దాన్నీ ముందు సబ్బు నీళ్లతోనే కడగమను.