కొత్త మోటారు పెట్టాక నీళ్లకు బదులు గాలి వస్తోంది

వేసవి బాధితుడు:
ఉదయం ఆరింటి నుంచి దీనితోనే సరిపోయింది, టిఫిన్ కూడా చేయలేదు. పిల్లల కోసం కొన్న ఫ్రేము ఈత తొట్టి, 12 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. దానితో వచ్చిన చిన్న పంపు నీళ్లను సరిగా తిప్పడం లేదని 1 హెచ్‌పి మోనోబ్లాక్ మోటారు (మోటారు, పంపు ఒకే ముక్కగా ఉండేది), ఇసుక ఫిల్టరు పెట్టించాను. పాత 32 ఎంఎం గొట్టాలు తీసేసి ఒకటిన్నర అంగుళం పైపు వేయించాను. ఆన్ చేస్తే అరనిమిషం నీళ్లు, తరువాత గుడగుడమని బుడగలు, ఆ తరువాత ఏమీ లేదు. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడా ఒక్క చుక్క కారడం లేదు. ప్లంబరు ఫోను ఎత్తడం లేదు. మోటారు వాపసు ఇచ్చేయమంటారా?

కావేరి భక్తుడు:
మోటారు సంగతి సరే, నీళ్లు ఎక్కడివి? 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని ఈత కొలనులకు వాడితే 5,000 రూపాయల జరిమానా అన్నది అప్పుడే మరచిపోయారా? కావేరి నీళ్లు తోడే తొరెకాడనహళ్లి నుంచి వంద కిలోమీటర్లు, అంచెలంచెలుగా కొండెక్కినట్టు ఎక్కి వస్తాయి ఈ ఊరికి నీళ్లు. మీరేమో తొట్టిలో తిప్పుతున్నారు.

వేసవి బాధితుడు:
ట్యాంకరు నీళ్లండి. నేను అడిగింది బుడగల గురించి.

కావేరి భక్తుడు:
ట్యాంకరుకు మాత్రం ఆకాశం నుంచి పడతాయా? ఎవరి బోరు ఎండితే మీ తొట్టి నిండిందో!

పాత ఫిట్టరు:
సక్షన్‌లో గాలి. జాయింట్లు చూడండి.

వేసవి బాధితుడు:
చుక్క కూడా కారడం లేదని రాశాను కదా.

పాత ఫిట్టరు:
కారదు. పీలుస్తుంది.

కొలతబద్ద:
ఆయన పొదుపుగా చెప్పారు, నేను విడమరుస్తాను. తొట్టి నుంచి పంపు దాకా ఉన్న పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ. అక్కడ సందు ఉంటే నీళ్లు బయటికి రావు, గాలి లోపలికి పోతుంది. పంపు తిరుగుతుండగా ఒక్కో జాయింటుకు చిక్కటి సబ్బు నురుగు పూయండి. ఎక్కడ నురుగు లోపలికి పోతే అక్కడే దొంగ. అన్నట్టు, మోటారు అంటే తిప్పేది, నీటిని తోసేది పంపు. రెండూ ఒకటి కావు.

ఇంకో అనుమానం. ఒకటిన్నర అంగుళం అన్నారు, ఏ ఒకటిన్నర? ఇంటి యూపీవీసీ పైపు అయితే బయటి కొలత 48.3 ఎంఎం. వ్యవసాయ పైపు అయితే 50 ఎంఎం.

నెల్లూరు రైతుబిడ్డ:
మా పొలంలో 50 పైపునే ఒకటిన్నర అంటాం, 63ను రెండు అంగుళాలంటాం. తరతరాలుగా నీళ్లు పారుతూనే ఉన్నాయి. మోటారును కూడా మోటారనే అంటాం, ఎప్పుడూ అలగలేదు.

కొలతబద్ద:
పేరు ఏదైనా పెట్టుకోండి. 48.3 పైపును 50 ఎల్బోలో (మలుపు జాయింటులో) దూర్చి మిగిలిన సందంతా గమ్ముతో పూడిస్తే మాత్రం గాలి పీలుస్తుంది. హడావిడిలో ఉన్న ప్లంబర్లు చేసేది అదే.

పాత ఫిట్టరు:
మోటారు ఎంత ఎత్తులో ఉంది?

వేసవి బాధితుడు:
ట్యాంకు దిమ్మె మీద. నాలుగు అడుగులు ఉంటుంది. వానకు తడవకుండా పైన రేకు ఉంది, స్విచ్చి కూడా అక్కడే. అది ముఖ్యమా?

పాత ఫిట్టరు:
దింపండి.

కొలతబద్ద:
ఇదే మొదట చెప్పవలసింది! తొట్టిలో నీళ్లు రెండు అడుగులు, పంపు నాలుగు అడుగులు. ఫుట్ వాల్వు (పైపు మొదట్లో నీళ్లు వెనక్కి పోకుండా ఆపేది) లేకపోతే ఆపిన ప్రతిసారీ పైపులో నీళ్లు తొట్టిలోకి జారిపోతాయి. నీటి మట్టానికి కింద పెడితే నీళ్లే నడిచి వస్తాయి. ఉత్తగా తిప్పకండి, సీలు కాలిపోతుంది. అసలు 1 హెచ్‌పి ఎందుకు? మీ తొట్టిలో పట్టేది సుమారు 6,500 లీటర్లు. గంటకు 2,000 లీటర్లు తిప్పినా మూడు గంటల పైచిలుకులో ఒక చుట్టు అయిపోతుంది. చిన్న ఫిల్టరుకు పెద్ద పంపు పెడితే మురికి ఇసుకలో ఆగదు, నీళ్లతో పాటే తిరిగి వస్తుంది.

నెల్లూరు రైతుబిడ్డ:
30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టారా, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేది? పిల్లలు దిగే నీళ్లు.

సిమెంటు మనిషి:
ఆగండి. ట్యాంకు దిమ్మె అంటే మేడ మీదా? తొట్టి కూడా మేడ మీదేనా?

వేసవి బాధితుడు:
అవును, రెండో అంతస్తు పైన. చెప్పాననుకున్నాను.

సిమెంటు మనిషి:
ఒక్కరూ అడగలేదు! రెండు అడుగుల నీళ్లంటే చదరపు మీటరుకు సుమారు 610 కిలోలు. మనుషులు తిరిగే మేడకు ఐఎస్ 875 అనే భారత ప్రమాణం లెక్క 150 కిలోలు. అందులో నలుగురు పిల్లలు గెంతులు వేస్తారు.

కొలతబద్ద:
150 దగ్గరే స్లాబు విరిగిపోదు. కొంత అదనపు బలం వేసే కడతారు.

సిమెంటు మనిషి:
నాలుగు రెట్లు బరువు పెట్టుకోమని కాదు ఆ అదనం. ట్యాంకు దిమ్మె స్తంభాల మీద ఉంటుంది, తొట్టి ఉత్త స్లాబు మీద ఉంటుంది. నక్షా చూసి ఇంజనీరు ఒప్పుకునే వరకు ఖాళీ చేయండి. ఓనరుకు తెలుసా?

వేసవి బాధితుడు:
(మరుసటి రోజు)
మోటారు కిందికి దింపాను. ఎల్బో నిజంగానే వదులుగా ఉంది, పైపు సామాన్లు దొరికే ఎస్.జె.పి. రోడ్డుకు వెళ్లి మార్పించాను. బుడగలు పోయాయి. థాంక్సండి. ఆర్‌సీసీబీ ఈ వారం పెట్టిస్తాను.

సిమెంటు మనిషి:
స్లాబు?

కావేరి భక్తుడు:
ఆ ఫిల్టరు కడిగిన నీళ్లు ఎక్కడికి వదులుతున్నారో కూడా చెప్పండి.