పట్టా ఖాళీగానే ఉంది కదా, మన బండిని స్టేషన్ బయట ఎందుకు ఆపుతారు?

నల్లగొండ టీచర్:

నేను నల్లగొండ నుంచి బీబీనగర్ వైపు రోజూ రైల్లో వెళ్లి వచ్చే ఉపాధ్యాయురాలిని. దారిలో ఏదో ఒక చిన్న స్టేషన్ బయట మా బండి ఆగిపోతుంది. పెట్టెలో అందరూ ‘ఔటర్‌లో పెట్టాడు’ అంటారు. తలుపు దగ్గర నిలబడి చూస్తే ముందు పట్టా ఖాళీగానే ఉంటుంది, ప్లాట్‌ఫాం కూడా కనిపిస్తుంది. ఐదు నిమిషాలు, ఒక్కోసారి పావుగంట గడిచాక అవతలి నుంచి గూడ్సు వచ్చి పక్క లైనులో ఆగుతుంది. అప్పుడు మమ్మల్ని లోపలికి తీసుకుంటారు. ముందే మమ్మల్ని తీసుకుంటే ఏమవుతుంది? మా ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఇదే అడిగారు. వాళ్లకు ఊహించి చెప్పడం నాకు ఇష్టం లేదు. లూప్, స్టార్టర్, లైన్ క్లియర్ లాంటి మాటలకు అర్థం కూడా తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

విశ్రాంత స్టేషన్ మాస్టర్:

అమ్మా, పిల్లలకు ఊహించి చెప్పనన్నారు, ఆ ఒక్క మాట కోసమైనా వివరంగా రాస్తాను. నా ఉద్యోగమంతా సింగిల్ లైను, అంటే రాకపోకలకు ఒకే పట్టా ఉన్న, స్టేషన్లలోనే గడిచింది. సిగ్నళ్లు నడిపే ప్యానెల్ ముందు కూర్చుని, బయట ఆగిన బండిలోని జనం ఏమనుకుంటున్నారో ఆలోచించని రోజు లేదు.

ముందుగా మీరు ఆగిన చోటు సంగతి. చెయ్యి కిందికి వాలే పాత సిగ్నళ్ల కాలంలో స్టేషన్‌కు బాగా దూరంగా ఔటర్ అనే సిగ్నల్ ఉండేది. మీ లైనులో ఇప్పుడున్నవి రంగు దీపాల సిగ్నళ్లు, వాటిలో ఔటర్ లేదు. స్టేషన్‌కు వచ్చే బండికి మొదట కనిపించేది డిస్టెంట్ సిగ్నల్. దానికి ఎర్ర దీపమే ఉండదు. ముందున్న హోం సిగ్నల్, అంటే స్టేషన్‌లోకి అనుమతించే సిగ్నల్, ఏ స్థితిలో ఉందో చెప్పడమే దాని పని. ఒక్క పసుపు వెలిగితే హోం దగ్గర ఆగడానికి సిద్ధపడాలి. రెండు పసుపులు వెలిగితే లోపలికి దారి ఉంది గాని వేగం తగ్గించుకోవాలి. పచ్చ వెలిగితే ఆగకుండా సాగిపోవచ్చు. ఆ తర్వాత కనీసం ఒక కిలోమీటరు దూరంలో హోం సిగ్నల్ ఉంటుంది. మీ బండి ఆగుతున్నది దాని ముందే.

ఇక అసలు ప్రశ్న. స్టేషన్ మధ్యలో నేరుగా సాగే పట్టా మెయిన్ లైను, పక్కకు చీలి మళ్లీ వచ్చి కలిసేది లూప్ లైను. ఎదురుబండ్లు ఒకదాన్నొకటి దాటుకోవడానికి సింగిల్ లైనులో స్టేషన్ తప్ప వేరే చోటు లేదు. మేము దాన్ని క్రాసింగ్ అంటాం. విష్ణుపురం సిమెంటు కోసం ఖాళీ వ్యాగన్లతో ఒక గూడ్సు బీబీనగర్ వైపు నుంచి వస్తున్నదనుకోండి. నేను దాన్ని లూప్‌లోకి తీసుకుంటాను. లూప్ చివర స్టార్టర్ సిగ్నల్, అంటే బండి బయలుదేరడానికి అనుమతించేది, ఎర్రగా ఉంటుంది, గూడ్సు అక్కడ ఆగాలి. కాని బ్రేకు సరిగ్గా పట్టకనో, అంచనా తప్పో ఆ బండి స్టార్టర్‌ను దాటి కొంచెం ముందుకు జారితే? అందుకని స్టార్టర్ అవతల 120 మీటర్ల పట్టాను ఖాళీగా, దానికే కేటాయించి ఉంచాలి. దీన్ని సిగ్నల్ ఓవర్‌ల్యాప్ అంటారు. ఆ 120 మీటర్లు ఎక్కడ పడతాయో చూడండి: సరిగ్గా మీ బండి లోపలికి రావలసిన పాయింట్ల మీద, అంటే పట్టాలు చీలే చోట. మీ కళ్లకు ఖాళీగా కనిపించే ఆ పట్టా అప్పటికే గూడ్సుది. అది పూర్తిగా లోపలికి వచ్చి నిలబడేదాకా నేను కోరినా మీ హోం సిగ్నల్‌కు పసుపు గాని పచ్చ గాని వెలగదు. సిగ్నళ్లనూ పాయింట్లనూ ఒకదానితో ఒకటి ముడిపెట్టే ఇంటర్‌లాకింగ్ ఒప్పుకోదు, బటన్ నొక్కినా ఫలితం ఉండదు.

కొన్ని స్టేషన్లలో లూప్ చివర ఇసుక గుట్టలోకి వెళ్లే పొట్టి పట్టా వేస్తారు. జారిన బండి ఇసుకలో దిగబడుతుందే తప్ప ఎదురుబండి దారిలోకి రాదు. అలాంటి చోట రెండు బండ్లనూ ఒకేసారి లోపలికి తీసుకోవచ్చు. లేనిచోట ఒకటి హోం దగ్గర నిలబడాల్సిందే.

పావుగంట ఎందుకంటారా? గూడ్సు పొడవు సుమారు 700 మీటర్లు ఉంటుంది. లూప్ పాయింట్ల మీద గంటకు 30 కిలోమీటర్లు మించకూడని స్టేషన్లు చాలా ఉన్నాయి. ఆ వేగంతో అంత పొడవూ ఒక చోటు దాటడానికే దాదాపు నిమిషంన్నర. లోపల ఆగాలి కనుక చివరికి ఇంకా మెల్లగా పాకుతుంది. చివరి వ్యాగన్ ఫౌలింగ్ మార్క్ దాటాలి. రెండు పట్టాలు కలిసే చోట, దీని ఇవతల ఏదీ నిలిపి ఉంచకూడదని గుర్తుగా పాతిన రాయి అది. ఆ తర్వాత పాయింట్లు తిప్పాలి, అవి బిగుసుకోవాలి, అప్పుడు మీ హోం. గూడ్సు ఇంకా అవతలి స్టేషన్ దాటకముందే మీ బండి వచ్చి ఆగి ఉంటే నిరీక్షణ మరింత పెరుగుతుంది.

‘మమ్మల్ని వెనుక స్టేషన్‌లోనే ఆపవచ్చు కదా’ అని కూడా పిల్లలు అడుగుతారు. అక్కడే లైన్ క్లియర్ సంగతి వస్తుంది. రెండు స్టేషన్ల మధ్య పట్టాను బ్లాక్ సెక్షన్ అంటాం. ఒక సమయంలో అందులో ఒకే బండి ఉండాలి. వెనుక మాస్టరు అడుగుతాడు, నేను లైన్ క్లియర్, అంటే బండి పంపవచ్చన్న అనుమతి, ఇస్తాను, ఇద్దరం దానికి రుజువుగా రెండంకెల ప్రైవేట్ నంబర్లు మార్చుకుని రిజిస్టర్లో రాసుకుంటాం. అప్పుడే అక్కడి చివరి సిగ్నల్, అంటే అడ్వాన్స్‌డ్ స్టార్టర్, పచ్చ అవుతుంది. నేను లైన్ క్లియర్ ఇవ్వడానికి నా హోం సిగ్నల్ దాకా, దాని అవతల మరో 180 మీటర్ల దాకా పట్టా ఖాళీగా ఉంటే చాలు. ప్లాట్‌ఫాం లైను ఖాళీ కావాలని నియమం లేదు. అందుకే మీ బండి అక్కడి నుంచి బయలుదేరగలుగుతుంది, నా గుమ్మం దాకా వచ్చి ఆగుతుంది. వెనుకే ఆపి ఉంచితే ఆ స్టేషన్లో ఒక లైను ఇరుక్కుంటుంది, మీకు ఇంకా ఆలస్యమవుతుంది.

బండి వచ్చాక దాని చివరి పెట్టెకు ఎల్‌వీ అక్షరాల బోర్డు ఉందో లేదో చూడటం మా ధర్మం. అది ఉంటేనే బండి మొత్తం వచ్చినట్టు. మధ్యలో కలుపు ఊడి నాలుగు వ్యాగన్లు సెక్షన్లో మిగిలిపోతే, అది తెలియక వెనుక మరో బండికి లైన్ క్లియర్ ఇస్తే ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కర లేదు. ఇప్పుడు ఇరుసులను లెక్కపెట్టే యంత్రాలు చాలాచోట్ల వచ్చాయి. అయినా వర్షంలో, అర్ధరాత్రి, దీపం పట్టుకుని బండి చివరిదాకా చూసే పాయింట్స్‌మన్‌ను నేను ఎప్పటికీ గౌరవిస్తాను.

పాలమూరు లోకో పైలట్:

మాస్టరు గారు చెప్పినదానికి ఇంజన్ వైపు నుంచి కొంచెం. డిస్టెంట్ కనిపించగానే నేను, నా సహాయకుడు ఇద్దరం దాని రంగును బిగ్గరగా ఒకరికొకరు చెప్పుకుంటాం. ఒకరి కన్ను పొరబడినా రెండో గొంతు సరిదిద్దుతుంది. రెండు పసుపులు చూశాక హోం దగ్గర ఒక పసుపు, దాని పైన ఏటవాలుగా తెల్లని దీపాల వరుస కనిపిస్తే లూప్‌లోకి వెళ్తున్నామని అర్థం. తెల్ల దీపాలు లేకుండా పసుపు ఒక్కటే ఉంటే మెయిన్ లైనులో ఆగాలి.

హోం ఎర్రగా ఉంటే దాని ఇవతలే ఆగుతాం. ఎందుకు ఎర్రగా ఉందో చాలాసార్లు మాకూ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. మా సికింద్రాబాద్–మహబూబ్‌నగర్–గద్వాల–డోన్ మార్గంలో కవచ్ అనే రక్షణ వ్యవస్థ అమర్చారు. ముందున్న సిగ్నల్ స్థితి క్యాబిన్‌లోనే కనిపిస్తుంది, ఎర్ర దీపం వైపు వేగం తగ్గకుండా వెళ్తుంటే బ్రేకు అదే వేస్తుంది. పొగమంచు రాత్రుల్లో అది ఎంత ధైర్యమో నడిపినవాళ్లకు తెలుసు.

జడ్చర్ల ప్రయాణికుడు:

మా వైపు తేడా కళ్లారా చూశాను. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ 85 కిలోమీటర్ల రెండో లైనును 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితం చేశారు. రాకకు ఒక పట్టా, పోకకు ఒక పట్టా అయ్యాక షాద్‌నగర్, బాలానగర్ దగ్గర ఎదురుబండి కోసం ఆగే బాధ పోయింది. ఇప్పుడు ఆగితే వెనుక నుంచి వేగంగా వచ్చే బండికి దారి ఇవ్వడానికే. టీచర్ గారూ, మీ గుంటూరు–బీబీనగర్ 239 కిలోమీటర్ల రెండో లైనుకు కూడా 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

నల్లగొండ టీచర్:

మాస్టరు గారూ, ఓవర్‌ల్యాప్ సంగతి నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పాను. పిల్లలు వెంటనే పట్టుకున్నారు. ఇంకో రెండు సందేహాలు. ఇలా ఆగినప్పుడు కొందరు దిగి పట్టాల వెంట నడిచి వెళ్లిపోతారు, కొందరు గొలుసు లాగుతారు. పెద్ద ప్రమాదమేనా? మరొకటి: ఒక రాత్రి ఒక గేటు ముందు సిగ్నల్ ఎర్రగా ఉండగానే మా బండి కాసేపు ఆగి, మెల్లగా దాన్ని దాటింది. అది తప్పు కాదా?

విశ్రాంత స్టేషన్ మాస్టర్:

దిగవద్దని గట్టిగా చెప్పండమ్మా. ప్లాట్‌ఫాం లేని చోట మెట్టు నుంచి కంకర దాకా చాలా ఎత్తు ఉంటుంది. హోం వెలిగిన మరుక్షణం బండి కదులుతుంది, దిగినవారి కోసం ఎవరూ చూడరు. రెండు లైన్లున్న చోట పక్క పట్టా మీద గంటకు 110 కిలోమీటర్ల బండి రావచ్చు. పట్టాల మీద నడవడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం కూడా. ఇక గొలుసు లాగితే, మీ హోం వెలిగాక కూడా బండి కదలదు. ఎవరు లాగారో, ఏ పెట్టెలోనో వెతికి సరిచేయాలి. అంతసేపూ లూప్‌లో ఉన్న గూడ్సు కూడా బయలుదేరలేదు, ఎందుకంటే దాని దారిలో నిలబడింది మీరే. దాని వెనుక మరో బండి, ఆ వెనుక ఇంకోటి.

గేటు సంగతి పైలట్ గారు చెబితే బాగుంటుంది.

పాలమూరు లోకో పైలట్:

తప్పు కాదండీ. గేటును కాపాడే సిగ్నల్ స్తంభానికి పసుపు పలక మీద నల్లటి ‘జీ’ అక్షరం ఉంటుంది. అలాంటి సిగ్నల్ ఎర్రగా ఉంటే ఈల వేసి, పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగుతాం. అప్పటికీ మారకపోతే గేటు దాకా జాగ్రత్తగా వెళ్తాం. గేట్‌మన్ చేతి సిగ్నల్ చూపిస్తే దాటుతాం. అతను కనిపించకపోతే గేటు ముందే ఆగి, సహాయకుడు దిగి వెళ్లి, గేటు మూసి ఉందని నిర్ధారించుకుని చేతి దీపం చూపించాకే దాటాలి. స్టేషన్ హోం సిగ్నల్‌కు మాత్రం ఈ వెసులుబాటు లేదు. అక్కడ ఎర్ర దీపం దాటాలంటే దాని కింద కాలింగ్ ఆన్ అనే చిన్న పసుపు దీపమైనా వెలగాలి, లేదా స్టేషన్ మాస్టరు రాసిచ్చిన అనుమతి పత్రమైనా నా చేతికి అందాలి.