పులస అసలుదో కాదో డీఎన్‌ఏ బార్‌కోడ్ తేలుస్తుందా?

గోదారిగట్టు:
మొన్న వరదల్లో ఓ దుకాణంలో ఆరు వేలు పోసి పులస తెచ్చాను. రాత్రి పులుసు పెట్టి మర్నాడు వడ్డిస్తే, అమ్మ ఒక్క ముద్ద తిని "ఇది గోదారి ఎక్కిన చేప కాదురా, ఐసులో వచ్చింది" అని కంచం పక్కన పెట్టేసింది. డబ్బు పోతే పోయింది, ఆవిడ ఏడాదంతా ఎదురుచూసింది. రాజమండ్రి, యానాం మార్కెట్లలో డీఎన్‌ఏ బార్‌కోడింగ్ తప్పనిసరి చేయాలంటాను. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

ల్యాబ్‌లోంచి:
అన్నా, మీ కోపం న్యాయమే. కానీ ఆ పరీక్ష చేయించినా దుకాణదారుడే నెగ్గేవాడు. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని సీఓఐ అనే జన్యువులో సుమారు 650 డీఎన్‌ఏ అక్షరాల ముక్కను చదివి, తెలిసిన చేపలతో పోలుస్తాం. కెనడాలో పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. 2005 నుంచి ప్రపంచంలోని చేపలన్నిటికీ ఇలా జాబితా కడుతున్నారు. ఆ ముక్క జాతి చెబుతుంది, ఊరు చెప్పదు. సముద్రంలో విలస, గోదారిలో పులస, బెంగాల్‌లో ఇలిష్ అన్నీ ఒకే జాతి, టెన్యువలోసా ఇలిషా.

ఎదుర్లంక పడవ:
మూడు తరాలుగా మాది ఇదే పని. నిండు చేపకి ల్యాబ్ దేనికండీ? మొప్ప మూత ఎత్తి చూడండి. పులసకి లోపల సన్నటి ముళ్లు దువ్వెన పళ్లలా ఒత్తుగా ఉంటాయి. దీని చుట్టం ఒకదానికి పలచగా ఉంటాయి. ఇంకోదానికి పక్కల మీద నల్ల చుక్కల వరుస. నిమిషం పని. మీ రిపోర్టు వచ్చేసరికి చేప కుళ్లిపోతుంది.

ల్యాబ్‌లోంచి:
నిండు చేప వరకు ఒప్పుకుంటాను బాబాయ్. తోలు తీసి ముక్కలు కోశాక మొప్ప ఎక్కడ చూస్తారు? మన దేశంలో నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ని మన నాటు మార్పు చేప అని అంటగడితే, గోరంత ముక్కతో పట్టుకోవచ్చు.

కైకలూరు చెరువు:
మరీ నమ్మకండి. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. హేచరీలో బొచ్చె, శీలవతి కలిసి పుట్టిన సంకరానికి తల్లి పేరే పడుతుంది, తండ్రి కనబడడు. సీడు కొనే రైతుకు కావలసింది ఆ సంగతే.

పాతబొమ్మలు:
నా భయం వేరు. మెషీన్ అక్షరాలే ఇస్తుంది, పేరు డేటాబేస్‌లో ముందే ఉన్న నమూనా నుంచి వస్తుంది. దానికి మొదట్లో ఎవరో తప్పు పేరు రాస్తే, పోల్చిన ప్రతి చేపకీ ఆ తప్పే అంటుకుంటుంది. అందుకే అక్షరాలతో పాటు చేపనీ దాచాలి. రెక్క ముక్కని ముందే ఆల్కహాల్‌లో వేసి పెట్టుకోవాలి, ఫార్మలిన్‌లో నానిందంటే అందులోంచి డీఎన్‌ఏ రాబట్టడం చాలా కష్టం. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలు 1803లో అచ్చయ్యాయి, అందులో మన జాలర్లు పిలిచే పేర్లున్నాయి. ఎదుర్లంక బాబాయి లాంటివాళ్లు చెప్పిన పేర్లే కదా అవి! చేపని చేత్తో పట్టి పోల్చగలిగేవాళ్లకి ఉద్యోగాలు లేకుండా చేసి, డబ్బంతా డీఎన్‌ఏ అక్షరాలు చదివే సీక్వెన్సింగ్‌కే పోస్తే ఆ జాబితాను సరిచూసేదెవరు?

గోదారిగట్టు:
సరే, నిండు చేపల వరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ముక్కలుగా అమ్మేవాటికి మాత్రం పరీక్ష ఉండి తీరాలి. మరి గోదారి ఎక్కిందో లేదో తెలిసేదెలా?

ల్యాబ్‌లోంచి:
చేప తలలో చిన్న చెవిరాయి ఉంటుంది, పొర మీద పొరగా పెరుగుతుంది. ఉప్పునీటిలో పేరుకున్న పొరలో స్ట్రాంషియం ఎక్కువ, మంచినీటి పొరలో తక్కువ. కాకపోతే నదిలోకి వచ్చి నాలుగు రోజులే అయితే ఆ చివరి పొర మరీ పలచన. పైగా బెంగాల్‌లోని హుగ్లీ నదిదీ మంచినీరే, అక్కడి చేపకీ అలాంటి పొరే ఉంటుంది. అయినా చూద్దాం. వచ్చే వరదల్లో చేప కొన్నప్పుడు తల పులుసులో పడకముందే నాకు చెప్పండి అన్నా.