అప్‌డేట్: థింక్‌ప్యాడ్ టీ14 లాప్‌టాప్ తీసుకున్నాను

టీ14 తీసుకోవాలా, టీ14ఎస్ తీసుకోవాలా అని పోయిన నెల అడిగాను కదా, చివరికి టీ14 జెన్ 5 (ఐదో తరం), ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మోడల్ తీసుకున్నాను. టీ14ఎస్ తేలికే, కానీ అందులో ర్యామ్ (మెమరీ) బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం. టీ14లో ర్యామ్‌కి రెండు స్లాట్లున్నాయి. అందుకే ముందు 16 జీబీ ఒక్క స్టిక్‌తో ఆర్డర్ చేశాను. రెండో 16 జీబీ మొన్న సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొని ఇంట్లో నేనే పెట్టుకున్నాను. కింది స్క్రూలు వదులు చేసినా అడుగు కవర్‌కే అంటిపెట్టుకుని ఉంటాయి, ఒక్కటీ పోదు. ఎంత బాగా ఆలోచించారో!

బ్యాటరీ పెద్దదే తీసుకోమని మీరు చెప్పిందే నిజం. 39.3 కాకుండా 52.5 వాట్ అవర్‌ది పెట్టించుకోండి, ఆ కాస్త డబ్బుకి వెనకాడొద్దు. స్క్రీన్ రంగులు బాగా చూపించే 100% ఎస్‌ఆర్‌జీబీదే ఎంచుకున్నాను. తక్కువ రంగులు చూపించే 45% ఎన్‌టీఎస్‌సీ స్క్రీన్ షాపులో చూస్తే ఎరుపు రంగు ఇటుక రంగులా కనిపించింది.

పాత లాప్‌టాప్ హింజ్ (మూత కీలు) విరిగినప్పటి నుంచి ఎల్బీనగర్ నుంచి రాయదుర్గానికి మెట్రోలో వెళ్తూ బ్యాగు నొక్కుకుపోతుంటే టెన్షన్‌గా ఉండేది. ఇప్పుడు మూత ఒంటిచేత్తో తెరిచినా ఊగడం లేదు. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.